తప్పు పట్టే మనిషి

“మంచిగనే ఉన్నది,” అన్నాడు సాయికుమార్ పప్పన్నం కలుపుకుంటూ. సంధ్యారాణి తానూ ఓ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పే వెయ్యలేదు.

అన్నానికి ముందు ఇచ్చిన డ్రాయింగ్‌నూ ఆయన అట్లాగే చూశాడు. సిరిసిల్లలో లక్ష్మీరాజం అనే ఆసామి కట్టిస్తున్న సాంచాల షెడ్డుకు, అంటే మరమగ్గాల షెడ్డుకు, కరెంటు ప్లాను అది. పాలిటెక్నిక్‌లో గెస్టు లెక్చరరైన ఆమెకు బయటినుంచి వచ్చిన మొదటి పని. “మంచిగనే గీసినవ్. రేపు అమ్మను దవాఖానకు తోల్కపో,” అని మడిచి పక్కన పెట్టేశాడు.

ఈయనేనా ఆయన? జగిత్యాలలో డిప్లొమా చదివేటప్పుడు ఇద్దరూ డ్రాయింగులు మార్చుకుని దిద్దుకునేవాళ్లు. “గీ స్విచ్చు గిక్కడెందుకు పెట్టినవ్, చెప్పు,” అని పట్టుకుంటే ఒక పట్టాన వదిలేవాడు కాదు. బెంచీ మీద పోట్లాట, బస్సులో పోట్లాట. ఆమె ఆ పోట్లాటనే పెళ్లి చేసుకుంది. పెళ్లయ్యాక ఇల్లు ఊడ్చినా మంచిగనే ఉంది, వంట చేసినా మంచిగనే ఉంది. చూడని వాడికి అంతా మంచిగనే ఉంటుంది మరి! తిట్టే మొగుడైతే నలుగురికి చెప్పుకోవచ్చు, మెచ్చుకునే మొగుడి మీద ఏమని చెప్పుకుంటుంది? పక్కన కూర్చుని, వేలు పెట్టి చూపించి, ఇది తప్పు అనే ఆ పాత మనిషి మీద ఆమెకు బెంగ. ఒకే ఇంట్లో ఉన్నవాడి మీద బెంగేమిటని సిగ్గేసేది కూడా.

క్లాసులో ఒకరి పని ఒకరు దిద్దే పద్ధతి పెట్టింది ఆమే. మొదట్లో పిల్లలు అందరికీ ఫుల్ మార్కులేసి చేతులు దులుపుకున్నారు. “మంచిగుందంటే చూడనట్టే లెక్క. ఏది తప్పో, ఎందుకు తప్పో రాయుండ్రి,” అని కోప్పడింది. ఎదుటివాళ్ల తప్పు విడమరిచి చెప్పడం మొదలయ్యాక వాళ్ల సొంత తప్పులూ తగ్గాయి.

మర్నాడు అత్తను దవాఖానలో చూపించి కాలేజీకి వచ్చి, తన ప్లానునే వాళ్ల ముందు పరిచింది. మేడం తప్పు పట్టేదెవరు? వీర్నపల్లి నుంచి వచ్చే తిరుమల లేచింది.

“ఏమనుకోకుండ్రి మేడం. రెండో వరుస సాంచాలకు ఎర్తింగ్ లేదు. మోటరు బాడీకి కరెంటు తగిలితే, ముట్టినోళ్లు పోతరు.”

నిజమే, లేదు. సిగ్గుపడాల్సిన చోట సంధ్యారాణికి సంతోషంతో కళ్లు చెమర్చాయి. “ఇంకా చూడుండ్రి,” అంది. పిల్లలు చుట్టూ మూగి, వేళ్లు పెట్టి చూపిస్తూ వాదులాడుకున్నారు.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్తే సాయికుమార్ మొహం ముడుచుకున్నాడు.

“పోరగాండ్లకు చూపిచ్చి ఇజ్జత్ తీసుకుంటవా? నాకు చూపియ్యద్దా?”

“నీకే ముందు చూపిచ్చిన.”

పోట్లాడతాడేమోనని ఆశగా నిలబడింది. ఆయన “సరే తియ్,” అని కంచం ముందుకు జరుపుకున్నాడు.

“ఇగ నుంచి చూసెటోళ్లకే చూపిస్త,” అంది సంధ్యారాణి.