తెల్లకోటు అత్తయ్య గుమ్మం

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. ఇంత దూరంలో పెరుగుతున్నారు, నేను కాకపోతే ఎవరు చెబుతారు?

బిష్కెక్‌లో మన పాత ఐదంతస్తుల భవనంలో ఇంటింటికీ కేబుల్ లాగి కంప్యూటర్లన్నీ కలుపుకున్నారు. ఎవరి ఫోల్డరు తెరిచినా దాని షార్ట్‌కట్ మన కంప్యూటర్లో మిగిలిపోయేది. అవి పేరుకుపోతే పాత యంత్రం, ఆపేసి ఉన్న కంప్యూటర్లను కూడా వెతుక్కుంటూ మొరాయించేది. అందుకే రెండో అంతస్తు బాత్మా, కుట్టుపని నుంచి నడుం పట్టుకుని వచ్చి, టీ చల్లారేలోగా రోజూ కొన్ని తుడిచేసేది. అయితే చూసి తుడవాలి. ఎవరి షార్ట్‌కట్ తుడిస్తే వాళ్ళ గుమ్మం మనకిక కనబడదు, ఫోనూ కలవదు. కావాలంటే తుడిచిన చేత్తోనే ఆ కంప్యూటరు పేరు మళ్ళీ రాయాలి.

శుక్రవారం, కాదు, గురువారమే, కళ్ళు మూతలు పడుతుంటే బాత్మా ఐదో అంతస్తుది తుడిచేసింది. అక్కడుండేది భర్త మేనత్త, నర్సు.

మర్నాడు సాయంత్రం కూతురు బెగిమ్‌కి ఊపిరాడలేదు. పెదవులు నీలమయ్యాయి. మంచు వల్ల అంబులెన్సుకి గంట పడుతుందన్నారు. భర్త ఊళ్ళో లేడు. బాత్మా పైకి పరుగెత్తింది. నాలుగో అంతస్తు దాటగానే మెట్లు నేరుగా డాబా మీదకు తేలాయి.

"తుడిచేశావా?" నాలుగో అంతస్తు రహమాన్ తలుపు తీశాడు.

"పొరపాటున, అన్నయ్యా. నువ్వు పిలుచుకురావా?"

"సూదులకి భయపడి నేనెప్పుడో తుడిచేశానమ్మా. కంప్యూటరు కూడా అమ్మేశా. నువ్వే రాయి. ఆవిడ కంప్యూటరుకి సొంత పేరే పెట్టుకుందిగా!"

"ఆ పేరు నేనెలా రాస్తాను?"

కోడలు అత్తింటి పెద్దల పేరు పలకదు, రాయదు. పదమూడేళ్ళుగా ఆవిడ బాత్మాకి తెల్లకోటు అత్తయ్యే.

"అయితే కూర్చుని మర్యాద కాపాడుకో!" అన్నాడు రహమాన్.

బాత్మా కిందికొచ్చింది. బెగిమ్ ఛాతీ ఈల వేస్తోంది. తలగుడ్డ అంచు పళ్ళ మధ్య బిగించి, ఒక్కో అక్షరమే కొట్టింది: సోనున్‌బూబూ. మళ్ళీ మెట్లెక్కేసరికి గుమ్మం అక్కడే ఉంది.

అత్తయ్య దిగి వచ్చి సూది వేసింది. పిల్ల పెదవులు ఎరుపెక్కాక అడిగింది.

"ఇంత ఆలస్యం చేశావేమే?"

"మీ పేరు రాయాల్సి వచ్చిందత్తయ్యా." బాత్మా తల ఎత్తలేదు.

ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద తన పేరును చాలాసేపు చూసింది.

"మా ఆయన పోయాక నన్నెవరూ ఈ పేరుతో పిలవలేదు. అలాగే ఉండనివ్వు, తుడవకే."

ఈ కథ రేపు మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు, నా తల్లులారా, మర్యాదకని ఆవిడ పేరు మాత్రం మింగేయకండి.