సోమయాజులుగారి కాళ్ళ ఫైలు

సోమయాజులుగారి కాళ్ళు గుమ్మాల దగ్గర మొరాయించడం మొదలై ఆరునెలలైంది. వసారాలో బాగానే నడుస్తారు. గుమ్మం కనపడగానే పాదాలు రెండూ నేలకు అతుక్కుపోతాయి. ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు. ఒకసారి అలా నిలబడి ఉండగా పోస్టుమాన్ వచ్చి, "ఎవరికోసం చూస్తున్నరు సార్?" అని అడిగాడు. "నాకోసమే" అన్నారు.

అబిడ్స్‌లో డాక్టర్ అమరేశ్వరరావు ఆయన వణికే చెయ్యి చూశాడు, కదలని మొహం చూశాడు, కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

"మెదడు లోతుల్లో మన నడకని చూసుకునే కణాల గుంపు ఒకటుందండీ. అందులో కొన్ని పెద్ద కణాలు ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం వదులుతుంటాయి. ఉన్నవి పిడికెడే. కానీ చుట్టూ ఉన్న కణాలన్నీ వాటి మాట వినాల్సిందే. వాటికి పగ్గం వెయ్యడానికి డోపమిన్ అని ఇంకోటి రావాలి. మీకది తగ్గిపోయింది. ఇక వీటిదే రాజ్యం."

సోమయాజులుగారు మొన్నీమధ్యే రిటైరైన సెక్షన్ ఆఫీసరు. సర్వీసంతా, వచ్చిన ప్రతి ఫైలు మీదా "చర్చించండి" అని రాసి పక్కన పడేసిన మహానుభావుడు. ఆయనకి విషయం ఇట్టే బోధపడింది. తలకాయలో తనలాంటివాడే ఎవడో కూర్చుని కాళ్ళ ఫైలు తొక్కిపట్టాడు.

"వాడి మీద పైవాళ్ళకి రాయలేమా?" అన్నారు.

"మాత్ర రాస్తాను. ఎసిటైల్‌కొలీన్ నోరు కొంచెం నొక్కుతుంది. పూటకి ఒకటి మించకూడదు సుమండీ. మనిషిని పోల్చుకోవాలన్నా, మాట గుర్తుండాలన్నా మెదడుకి ఆ రసాయనమే కావాలి."

ఒక్క మాత్రతో చేతి వణుకు కాస్త తగ్గింది, నోరు పిడచకట్టుకుపోయింది, కాళ్ళు మాత్రం ససేమిరా అన్నాయి. చెప్పిన మాట వింటే ఆయన సోమయాజులెందుకవుతారు? ఒకరోజు మూడు మాత్రలు ఒకేసారి మింగేశారు. కాసేపటికి కాళ్ళొచ్చాయి. గుమ్మం దాటి, నాంపల్లి సందు దాటి, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా దొరలా నడిచి తిరిగొచ్చారు. వచ్చి వాకిట్లో నిలబడి, భార్య సుబ్బరత్నానికి రెండు చేతులూ జోడించారు.

"అమ్మా, ఇల్లు అద్దెకిస్తారా? మాది చిన్న సంసారం. నేనూ, మా ఆవిడా."

సుబ్బరత్నం కొయ్యబారిపోయింది. "మీ ఆవిడ ఎలాంటిదండీ?" అని అడిగింది.

"మంచి మనిషి. నడిపించి తీసుకెళ్ళి మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినిపిస్తానని పన్నెండేళ్ళ నుంచి తిప్పుతున్నాను. పాపం, ఒక్కమాట అనదు."

అది నిజమే. యాభై ఆరులో రాజధానితోపాటు కర్నూలు నుంచి వచ్చి దిగిన రోజున ఇచ్చిన మాట అది. ఆవిడ అడిగినప్పుడల్లా "పరిశీలనలో ఉంది" అనేవారు. సుబ్బరత్నం వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాటికి ఆయనకి మతి కుదురుకుంది. జరిగింది భార్య చెబితే విని గజగజలాడిపోయారు. "నిన్ను పోల్చుకోలేని నడక నాకెందుకే! ఒక్క మాత్ర మీదే నడుస్తాను. నువ్వు నువ్వని తెలిసి నడుస్తాను. ఐస్‌క్రీమ్ తినిపిస్తాను" అన్నారు. అని లేచి, యథాప్రకారం గుమ్మం దగ్గర ఆగిపోయారు.

అమావాస్య వెళ్ళిన మర్నాడు దారి దొరికింది. పక్కవాటావాళ్ళు దిష్టి తీసి పారేసిన కుంకుమ నిమ్మకాయ దొర్లుకుంటూ వచ్చి వీళ్ళ గుమ్మంలో ఆగింది. అప్పటికి అరగంటగా అక్కడే నిలబడి ఉన్న సోమయాజులుగారు దాన్ని చూసి హడలిపోయారు. తగిలితే ఏం కొంపలంటుకుంటాయోనని కాలు ఇంతెత్తున లేచి, నిమ్మకాయని దాటి, వీధిలో పడింది.

సంగతి విన్న డాక్టరు ఆశ్చర్యపోలేదు. "లోపలి దారి మూసుకుపోయినా కంటి దారి తెరిచే ఉంటుంది. ఎదురుగా దాటాల్సింది ఏదైనా కనిపిస్తే చాలు" అన్నాడు. సుబ్బరత్నం సుద్దముక్కతో గీత గీసి చూసింది. కర్ర అడ్డం పెట్టి చూసింది. వాటిని ఆ కాళ్ళు పూచికపుల్లతో సమానంగా చూశాయి. వాటి భయమంతా కుంకుమ నిమ్మకాయ మీదే.

ఆ ఆదివారం ఆవిడ పట్టుచీర కట్టుకుని, బుట్టెడు నిమ్మకాయలకి బొట్లు పెట్టి బయలుదేరింది. ఏనాడూ మొగుడి ముందు నడిచి ఎరగని ఇల్లాలు ముందు నడిచింది. ఆయన ఆగినచోటల్లా ఒక నిమ్మకాయ. ఆయన దాటగానే తియ్యడం, మళ్ళీ ఆగితే పెట్టడం.

స్టేషన్ రోడ్డు మీద జనం ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు. నడిబజారులో బొట్టు నిమ్మకాయని దాటేటంత గుండె ఎవరికుంది? సైకిళ్ళు ఆగాయి, బస్సు ఆగింది. రిక్షా తొక్కే పోచయ్య దిగి వచ్చాడు.

"ఏందమ్మా గిది? బజార్ల గిట్ల నిమ్మకాయలు వెడ్తే మేమెట్ల పోవాలె? జర రిక్షా ఎక్కున్రి, చిటికెల దించుత."

"రిక్షాలో వెళితే తీసుకెళ్ళింది నువ్వవుతావు, నేను కాను" అన్నారు సోమయాజులుగారు, నిమ్మకాయ దాటుతూ.

ఆ దాటడం చూసి జనానికి మతిపోయింది. కుంకుమ నిమ్మకాయలని వరసపెట్టి దాటుతున్నాడంటే ఆయన ఎంతటి మంత్రగాడై ఉండాలి! బస్సులోవాళ్ళు దిగి దణ్ణాలు పెట్టారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ టోపీ తీశాడు. జామపళ్ళమ్మే జంగమ్మ సుబ్బరత్నం చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అయ్య దాటిన నిమ్మకాయ ఒకటియ్యి. మా కోడలికి జరం తగ్గుతలేదు." కాదనలేక ఇచ్చింది. ఒకరికిచ్చాక ఇంకొకరికి లేదంటే ఊరుకుంటారా? మార్కెట్ చేరేసరికి బుట్ట ఖాళీ అయింది.

ఐస్‌క్రీమ్ దుకాణం గుమ్మం ఇరుకు. సోమయాజులుగారి పాదాలు అతుక్కుపోయాయి. లోపల ఖాళీ బల్ల కనిపిస్తూనే ఉంది. వెనక ఊరేగింపులా వచ్చిన జనమూ ఆగిపోయారు. ఆయన చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది. మాత్రల పొట్లం తగిలింది. ఇంకో రెండు వేసుకుంటే కాళ్ళొస్తాయి. వచ్చాక, ఎవరో పరాయి పెద్దావిడ ఎదురుగా కూర్చుని ఐస్‌క్రీమ్ తింటుంది. ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది.

సుబ్బరత్నం ఆ చేతిని చూసింది. బుట్ట పక్కన పెట్టి, పట్టుచీరతోనే గుమ్మంలో చతికిలబడి, కాళ్ళు రెండూ అడ్డంగా చాపింది.

"దాటండి."

"ఛ, మనిషిని దాటకూడదే. దాటితే ఎదగరంటారు."

"యాభై దాటినదాన్ని, నేనింకేం ఎదుగుతానండీ! దాటండి."

ఆయన ఆ పాదాలకేసి చూశారు. పసుపు, అరిగిపోయిన మెట్టెలు, పగిలిన మడమలు. వీటికి తన కాలు తగిలితే ఎంత పాపం అనుకున్నారో లేదో, కుడికాలు లేచింది. వెనకాలే ఎడమకాలూ లేచింది.

దుకాణంవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎన్ని ఇయ్యాలె సార్?" అన్నాడు.

"రెండు. ఒకటి నాకు, ఒకటి మా ఆవిడకి."

"అమ్మగారేరి?"

గుమ్మంలో కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్న సుబ్బరత్నాన్ని సోమయాజులుగారు వణికే వేలితో చూపించారు.

"అదుగో, ఆవిడే."