టాల్‌వెగ్

మామ రాయించిన పంపకం కాగితంలో సరిహద్దు దగ్గర ఒక్క మాటే ఉంది: టాల్‌వెగ్. ఏటికి ఇటు పక్క నేల కూతురికి, అటు పక్క కొడుక్కి, మధ్యలో టాల్‌వెగ్. ఆయన కొలతల ఆఫీసులో గుమాస్తా. అక్కడ విన్న మాటలన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు. నా భార్య ఆ కాగితం చూసినప్పుడల్లా "ఈ టాల్‌వెగ్ ఎవరండీ, నాకూ తమ్ముడికీ మధ్య కాపలా కూర్చున్నాడు?" అని నవ్వేది.

ఆమె పోయి ఏడాదైంది. పదకొండు నెలలు మంచం మీద ఉంటే తమ్ముడు ఏరు దాటి రాలేదు. చివరి వారంలో ఆమె ఒక్కటే కోరింది. "నా నేల వాడికి మాత్రం పోనివ్వకండి." మాటిచ్చాను.

మూడేళ్ల కిందటి వరదకు ఏరు ఒక్క రోజులో దారి మార్చి ఆమె నేలను కోసేసింది. ముప్పాతిక భాగం అవతలి ఒడ్డున పడింది. ఆమె బతికున్నన్నాళ్లూ నోరెత్తని బావమరిది ఇప్పుడు అది తనదని అర్జీ పెట్టాడు. సర్వేయరు వచ్చాడు.

పడవ నాదే. ముప్పయ్యేళ్లుగా ఆ రేవులో గడ వేస్తున్నాను. సర్వేయరు చెప్పిన చోటల్లా గడ దించి లోతు పలికాను, అతను రాసుకున్నాడు. అవతల దిగాక ఆ మాటకు అర్థమేమిటని అడిగాను.

"జర్మన్ మాట పెద్దాయనా. టాల్ అంటే లోయ, వెగ్ అంటే దారి. ఏటి అడుగున అన్నిటికన్నా లోతైన చోట్లు కలుపుకుంటూ పోతే వచ్చే గీత. హద్దు ఆ గీత మీదే."

దానికి జర్మనీ దాకా పోవాలా? మేం పడవదారి అంటాం.

"ఇంతకీ ఏరు ఎలా జరిగింది? ఒక్కసారిగానా, కొంచెం కొంచెంగానా?"

నేను నోరు తెరిచేలోపే, ఒడ్డున మాకోసం కాచుకుని ఉన్న బావమరిది అందుకున్నాడు, రేవులో ఉన్న పదిమందికీ వినబడేలా.

"మా బావకేం తెలుస్తుంది సార్! వరద తీసిన మర్నాడు జనాన్నెక్కించుకుని తిన్నగా ఇసుక మేట మీదికి తోలాడు. కొత్త పెళ్లికొడుకులా గడ పట్టుకుని నిలబడ్డాడే గానీ, పడవ కదిలితే ఒట్టు!"

"ఏదైతేనేం, మా అత్త కాలు తడవకుండా దిగింది" అన్నాడొకడు. అందరూ గొల్లుమన్నారు.

నాకు ఒళ్లు మండింది.

"నా పడవ ఏనాడూ మేటెక్కలేదు. ఏరు ఏటా మూరెడు మూరెడు జరుగుతూ వచ్చింది. నా గడకు తెలియకుండా చుక్క నీరు కదల్లేదు."

బావమరిది తల దించుకున్నాడు. నోరు మూయించాననుకున్నాను.

సర్వేయరు రాసింది చదివి వినిపించాడు. "ఏరు ఒక్కసారిగా దూకితే హద్దు పాత చోటే ఉంటుంది. కొంచెం కొంచెంగా జరిగితే హద్దూ దాని వెంటే జరుగుతుంది. కాబట్టి ఈ ముక్క మీ బావమరిదిదే. సంతకం పెట్టండి."

అబద్ధమాడానన్నాను. ఏరు ఒక్క రోజులో దూకిందని, పాత దారే అనుకుని పోతే పడవ మేటెక్కిన మాట నిజమేనని, నడుంలోతు నీళ్లలో దిగి తోశానని చెప్పాను. పరువు పోతుందని అలా అన్నానన్నాను.

"ఇప్పుడు ఈయనే చెప్పాడు కదా సార్" అని బావమరిదిని చూపించాను.

"నవ్వులాటకన్నాను సార్. బావను ఆటపట్టించకపోతే ఎవర్ని పట్టిస్తాను?"

సర్వేయరు జనం వైపు తిరిగాడు. వాళ్లంతా బావమరిది పొలంలో కూలికి పోయేవాళ్లే. కాలు తడవని అత్తగారి అల్లుడు ఆకాశంలోకి చూశాడు.

"అడగ్గానే ఒకటన్నారు. నేల పోతుందని తెలిశాక ఇంకొకటంటున్నారు. నా చోట మీరుంటే ఏది రాస్తారు?"

మొదటిదే రాస్తాను. పెట్టమన్న చోట సంతకం పెట్టాను.

"ఎండన పడ్డావు. ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి వెళ్లు బావా" అన్నాడు బావమరిది.

"మీ అక్కకివ్వాల్సిన నీళ్లు. పదకొండు నెలలు ఎదురుచూసింది."

సర్వేయరును ఎక్కించుకుని గడ వేశాను. నేల పోగొట్టింది నేనే. అయినా వాణ్ణి క్షమించను.