మూడో గడి, నాలుగో గడి

ముందు వాన చప్పుడు వచ్చింది.

తెర ఇంకా నల్లగానే ఉంది. బొమ్మ లేదు, రంగు లేదు. చీకట్లో వాన ఒక్కటే... రేకుల మీద, రాళ్ళ మీద, ఎవరిదో గొడుగు మీద.

పుస్తకంలో వానకి చప్పుడు లేదు. సన్నటి గీతలుంటాయి, వాలుగా, పై నుంచి కిందికి. వాటి పక్కన నేను రాసిన ఒకే ఒక్క అక్షరం ఉంటుంది. "జో" అని, సాగదీసి, తోక కిందికి జార్చి. ఆ అక్షరం కుదరడానికి నాకు ఒక రోజు పట్టింది. వీళ్ళు దాన్ని తీసేసి నిజం వాన పెట్టారు.

నిజం వానంటే నాకు నమ్మకం లేదు.

మా చెల్లి బొమ్మలు గీస్తుంది. ఆ బొమ్మల్లో మనుషులు మాట్లాడే మాటలు బుడగల్లో నేను రాస్తాను. తలుపు కిర్రుమన్నా, కుక్క మొరిగినా, ఎవరైనా వెక్కి వెక్కి ఏడ్చినా రాసేది నేనే. పదకొండేళ్ళుగా ఇదే పని. ఇప్పుడు ఆమె మాంగా, జపాను తరహాలో గీసిన ఆ బొమ్మల కథ, తెర మీద కదిలే అనిమే అవుతోంది. ఎపిసోడ్ తయారైన ప్రతిసారీ ప్రచురణ సంస్థ నన్ను స్టూడియోకి పంపిస్తుంది. పుస్తకంలో ఉన్నట్టే ఉందో లేదో చూసి రమ్మంటుంది. చేతికి ఒక ఫారం ఇస్తారు. ప్రతి సన్నివేశానికీ ఎదురుగా రెండే మాటలు: "ఉన్నట్టే ఉంది", "మారింది". ఒకదానికి టిక్కు పెట్టాలి. కింద సంతకం.

నాలుగో ఎపిసోడ్‌లో చొక్కాకి ఒక బొత్తాం ఎక్కువైంది. పట్టుకున్నాను. ఐదో దాంట్లో పిల్లి తోక మీది మచ్చ పక్క మారింది. అదీ పట్టుకున్నాను. నా వెనకాల స్టూడియోలో అందరూ నన్ను భూతద్దం అంటారని తెలుసు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతానని కూడా అంటారు. అననీ... ఈకలు కనిపిస్తేనే కదా పీకుతాను!

ఇది ఏడో ఎపిసోడ్.

ఇది మా కథ. మాదేనని చెల్లి ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. పుస్తకంలో అక్కకి రెండు జడలుంటాయి, నాకు ఎప్పుడూ ఒకటే. అంతకుమించి తేడా లేదు. వరద వచ్చిన వీధి. ఏడేళ్ళ అక్క, మూడేళ్ళ చెల్లి. చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాటుతుంటారు. చివర ఇనప ఊచల గేటు.

నూట పద్నాలుగో పేజీ. ఐదు గళ్ళు. మూడో గడిలో అక్క వేళ్ళు విడిపోతాయి. నాలుగో గడిలో నీళ్ళు చెల్లిని లాగేస్తాయి. ఐదో గడిలో గేటు.

ముందు వేళ్ళు. తర్వాత నీళ్ళు.

తెర మీద ముందు నీళ్ళు వచ్చాయి.

మట్టి రంగు నీళ్ళు, విరిగిన కొమ్మలతో, ఎవరిదో చెప్పుతో. చిన్నది కాలు తప్పి నీళ్ళ మీద తేలింది. ఆ తర్వాత... చాలాసేపటి తర్వాత... అక్క వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. పట్టుకుని, పట్టుకుని, ఇక చేతకాక.

బొమ్మలు అవే. గీత మారలేదు. జడలు రెండే ఉన్నాయి, బొత్తాలు సరిపోయాయి. వరస ఒక్కటి మారింది. దాంతో అక్క మారిపోయింది.

"మళ్ళీ వెయ్యండి," అన్నాను.

దర్శకుడు మళ్ళీ వేశాడు. మూడోసారీ వేశాడు. నాలుగోసారికి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"ఏమైందండీ? మీ కళ్ళ వెంట నీళ్ళు వస్తాయనుకున్నాను, కనుబొమలు ముడిపడ్డాయే!"

"మార్చారు."

"ఏం మార్చామండీ? గీతకి గీత సరిపోతుంది. పుస్తకం పక్కన పెట్టుకుని చూడండి."

చూశాను. అతన్నీ చూశాను. సౌమ్యంగా మాట్లాడే మనిషి. సౌమ్యంగా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు మొదటి నుంచీ గుబులే. ప్రేక్షకులకి మంచి అక్క కావాలని ఎవరో అని ఉంటారు. వదిలేసే అక్కని చూస్తే పిల్లలు బెదిరిపోతారని ఇంకెవరో అని ఉంటారు. నలుగురూ కూర్చుని, టీ తాగుతూ, రెండు బొమ్మల్ని అటూ ఇటూ జరిపి ఉంటారు...

"మీ చెల్లెలుగారు కూడా చూశారు కదండీ," అన్నాడు. "రెండుసార్లు వచ్చి కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు."

రెండుసార్లు.

ఏ రోజుల్లో అని అడిగాను. రెండూ మంగళవారాలే. ఆ రెండు మంగళవారాలూ పంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని నాతో చెప్పింది. నా ముందు దవడ కూడా పట్టుకుంది. నేను పిచ్చిదాన్నై లవంగం పెట్టుకోమని సలహా ఇచ్చాను.

అంటే నాకు తెలియకూడదనే వచ్చింది.

మా చెల్లి ఎడమ చేత్తో గీస్తుంది. పుట్టుకతో వచ్చిన ఎడమచేతి వాటం కాదు. ఆ గేటు ఊచల మధ్య కుడి చెయ్యి ఇరుక్కుపోయింది. మూడు వేళ్ళు ఇప్పటికీ వంగవు. ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ పోతే తడి సిరా మీద చెయ్యి పడి అలుక్కుపోతుంది. అందుకని కుడి నుంచి ఎడమకి గీయడం అలవాటు చేసుకుంది. మాంగా కూడా కుడి నుంచి ఎడమకే కదా! నా కోసమే పుట్టిందే ఈ విద్య, అని నవ్వేది. ఆ నవ్వులో నేను ఎప్పుడూ కలవలేదు. కలవలేకపోయాను.

ఆ రోజు తడి బట్టలతోనే ఆసుపత్రి వరండాలో అమ్మ అడిగింది, ఏమైందే అని. నీళ్ళు లాగేశాయి, అప్పుడు చెయ్యి జారింది, అన్నాను. డాక్టరుకీ అదే చెప్పాను. పక్కింటి పిన్నికీ, బళ్ళో టీచరుకీ. నీళ్ళు లాగేశాయి, అప్పుడు చెయ్యి జారింది. ఎన్నిసార్లు చెప్పానంటే... ఇప్పుడు కళ్ళు మూసుకున్నా నాకు అదే కనిపిస్తుంది.

మరి పుస్తకంలో ముందు వేళ్ళు విడిపోయాయి.

ఆ పేజీ నా బల్ల మీదికి వచ్చిన రోజు, గుర్తుంది దీనికి, అనుకున్నాను. మూడేళ్ళ పిల్లకి అంతా గుర్తుంది. నోటితో అనకుండా బొమ్మ వేసి నా చేతికే ఇచ్చింది, మాటలు రాయమని. అరుపు కూడా నేనే రాశాను. "అక్కా" అని, పెద్ద బుడగలో, అంచులు పగిలినట్టు. రాసి ఇచ్చాను. అది తీసుకుంది. ఇద్దరం భోజనానికి లేచాం.

ఇప్పుడేమో జాలిపడింది. నాకు చెప్పకుండా వచ్చి, వీళ్ళ చెవిలో వేసి, వరస మార్పించింది. నన్ను కడిగి శుభ్రం చేసింది. కాని జాలి చూపించాలంటే ముందు తప్పు ఉండాలి కదా... ఉందని ఆమెకి తెలిసుండాలి కదా.

క్షమించినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు మార్చమన్నారు?" గట్టిగానే అడిగాను.

దర్శకుడు నొచ్చుకున్నాడు. లేచి వెళ్ళి ఫైలు తెచ్చాడు.

"మీరు నంబర్లు వేసి పంపిన పేజీలేనండీ. ఆ వరసలోనే తీశాం."

స్టూడియోలో బొమ్మలు కదిలించేవాళ్ళలో సగం మందికి ఎడమ నుంచి చదవడమే అలవాటు. తికమక పడకుండా ప్రతి పేజీలో ఏ గడి తర్వాత ఏ గడో ఎర్ర పెన్సిల్‌తో నంబరు వేసి పంపుతాం. వేసేది నేను.

నూట పద్నాలుగో పేజీ తీశాను.

నీళ్ళ గడిలో మూడు. వేళ్ళ గడిలో నాలుగు.

నా అక్షరమే. నా నాలుగుకి తల కలవదు, నోరు తెరుచుకుని ఉంటుంది. ఎవరైనా చెరిపి రాశారేమోనని కాగితాన్ని వెలుగుకి అడ్డం పెట్టి చూశాను. గోటితో గీకి చూశాను. చెరిపిన జాడ లేదు. ఒక్క ఊపులో, తడబడకుండా వేసిన నంబర్లు.

రెండు వందల పన్నెండు పేజీలు. వెయ్యికి పైగా గళ్ళు. పొరపాటేమోనని అన్నీ తిరగేశాను. ఎక్కడా కుడి ఎడమ కాలేదు.

అన్ని పేజీల్లో తప్పని చెయ్యి ఆ ఒక్క పేజీలో ఎందుకు తప్పింది?

దర్శకుడు నా వంక చూస్తున్నాడు. పాపం, అప్పటికి అతని మీద అనుమానం పోయింది. దాన్ని ఎక్కడ దించాలో తెలియక అలాగే మోస్తూ నిలబడ్డాను. ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాను. రేపు ఇస్తానన్నాను.

బయట ఎండ. చినుకు జాడ లేదు. అయినా వీధి దాటేటప్పుడు కాలు కింద ఆచితూచి పెట్టాను.

చెల్లి గది తలుపు తీసే ఉంది. కిటికీ దగ్గర బల్ల. వంగని కుడి చెయ్యి కాగితం మూల మీద బరువులా ఆనించి, ఎడమ చేత్తో ఎవరిదో జుట్టు గీస్తోంది. నన్ను చూసి తల ఎత్తలేదు.

"పన్ను ఎలా ఉంది?" అన్నాను.

కలం ఆగింది. నవ్వింది, దొరికిపోయినట్టు.

"చెప్పేశాడా?"

"ఎందుకెళ్ళావే?"

"ఆ సీను చూడాలనిపించింది. నువ్వు పక్కన ఉంటే చూడలేను. వెళ్ళాను. వరస తారుమారైందని చూడగానే తెలిసింది. పేజీ చూపించమన్నాను. నీ నాలుగే. ఊరుకున్నాను."

"ఊరుకోవడమేంటి? నీ పుస్తకం! తప్పని చెప్పొద్దూ?"

"ఏది తప్పో నాకేం తెలుసక్కా?"

సంచి భుజం మీదే ఉంది. దించాలని కూడా తోచలేదు.

"నీకు గుర్తులేదా?"

"మూడేళ్ళు నాకు. ఏం గుర్తుంటుంది? నీళ్ళు చల్లగా ఉన్నాయని కూడా గుర్తులేదు. నీకు టైఫాయిడ్ వచ్చింది చూడు, పందొమ్మిదేళ్ళప్పుడు... నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఒకటే పలవరింత. వదిలేశాను, వదిలేశాను అని. అది పెట్టుకునే గీశాను. ముందు వదిలావో తర్వాత వదిలావో నువ్వు చెప్పలేదు. జ్వరం తగ్గాక అడుగుదామంటే నోరు రాలేదు."

"మరి వేళ్ళు ముందెందుకు పెట్టావు?"

"వేళ్ళు గీయడం కష్టం. కష్టమైనవి ముందు గీసేస్తాను, నీకు తెలుసుగా."

తెలుసు. నిజమే. గుర్రం గీయాలంటే కాళ్ళతో మొదలుపెడుతుంది. మనిషిని గీయాలంటే చేతులతో. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. అంతేనా? నన్ను ఇన్నేళ్ళు నిద్రపోనివ్వని ఆ మూడో గడి ఆమె పని అలవాటేనా? నమ్మాలనే ఉంది... ఆమె ముఖమంతా వెతికాను, చొక్కా బొత్తాలు లెక్కపెట్టినట్టు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉంది. నా బుద్ధే అంత.

"నీ నంబర్లు చూశాక ఒకటి అనిపించింది," అంది, నెమ్మదిగా. "చేతికి తెలిసి వేసిందేమో, నోటితో చెప్పలేక, అని. పుస్తకం తప్పయితే చెప్పు, వచ్చే ముద్రణకి మార్చి గీస్తాను. వాళ్ళది తప్పయితే ఫారంలో రాయి, మారుస్తారు. నాకేం కోపం లేదు. ఎటు చెప్పినా లేదు. తెలుసుకోవాలని ఉంది, అంతే. చెయ్యి నాది కదా."

ఫారం తీసి బల్ల మీద పెట్టాను. "ఉన్నట్టే ఉంది." "మారింది." రెండు మాటలూ అచ్చులో నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

"ఏది ముందక్కా?"

ముప్పై ఏళ్ళలో ఈ మాట అడగడం ఇదే మొదలు. అడుగుతుందని ముప్పై ఏళ్ళుగా భయపడుతూనే ఉన్నాను, జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. నీళ్ళు ముందు. రెండే రెండు మాటలు. అమ్మ నమ్మింది, డాక్టరు నమ్మాడు. ఇదీ నమ్ముతుంది. నమ్మి, మూడో గడి తీసి నాలుగో గడి చేస్తుంది. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడా ఇంకో వరస మిగలదు, నా దగ్గర తప్ప.

నోరు తెరిచాను.

ఆమె కలం ఎత్తి పట్టుకునే ఉంది. మొన దగ్గర సిరా బొట్టు కట్టి బరువెక్కుతోంది. కాగితం మీద పడితే పొద్దుటి నుంచీ గీసిన జుట్టంతా పోతుంది. చూసుకోవడం లేదు. నా పెదాల వంకే చూస్తోంది.