మాడిన గింజలు

మా అత్తగారు కనకదుర్గగారికి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. 2013 వేసవిలో గుంటూరు నుంచి డబ్లిన్‌లో మా ఇంటికి వచ్చిన వారంలోనే నా పోపుల డబ్బా, బట్టల అలమర, చివరికి గరాజ్ కూడా సర్దేశారు. నా రీసెర్చ్ ఒక్కటే మిగిలిందనుకున్నాను. అదీ సర్దేశారు.

నా రీసెర్చ్ సిరియాలో వెయ్యేళ్ల కిందటి ఒక పల్లె మీద. ఇస్లాం పాలన వచ్చాక అక్కడి రైతులు గోధుమ, బార్లీతో పాటు కొత్తగా పత్తి కూడా వేశారని నా వాదన. ఆ పల్లె పొయ్యిల బూడిదలో దొరికిన గింజల్ని నాలుగేళ్లుగా మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తున్నాను. ఒక్క పత్తి గింజ కనిపిస్తే నా థీసిస్ నిలబడుతుంది. కనిపించి చావదే! చూడాల్సింది ఇంకొక్క సంచీయే. అక్కడ యుద్ధం మొదలయ్యాక మళ్లీ వెళ్లి తవ్వే దారి లేదు. రోజూ ల్యాబ్‌కి డ్రైవ్ చేయలేక ఆ సంచీ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో! గింజలు పళ్లెంలో పోసి, పాలు తేవడానికి స్టోర్‌కి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పళ్లెం ముందు అత్తయ్య, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని.

"ఇంత చదువుకుని ఇలాంటివి ఎలా కొన్నావమ్మా ఉజ్వలా? సగం మాడినవే. బియ్యం ఏరినట్టు ఏరాను చూడు, ఒక్క నల్లది లేదు."

పళ్లెంలో తెల్లటి గడ్డి గింజలు. ఈమధ్యే గాలికి వచ్చి ఆ మట్టిలో పడ్డవి, నాకు ఎందుకూ పనికిరానివి.

"నల్లవి ఏవత్తయ్యా?"

"సింక్‌లో పోసి, దాని కింద చెత్త నలిపే గ్రైండర్ తిప్పేశాను. మావాడు నేర్పాడులే."

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "నాక్కావలసినవి అవే! కాలాయి కాబట్టే వెయ్యేళ్లు ఉన్నాయి. కాలనివి ఎప్పుడో కుళ్లి మట్టయిపోయాయి!" అని ఇల్లు అదిరేలా అరిచాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "నాకేం తెలుసమ్మా? మాడినవి ఎవరైనా ఏరి పారేస్తారు కదా. వాటిలో నాలుగైదు పత్తి గింజలు కూడా ఉన్నాయి పాపం."

"ఏం గింజలు?"

"పత్తి గింజలు. మా ఇంట్లో గేదెలకి పెట్టేవాళ్లం, ఆమాత్రం గుర్తుపట్టనూ?"

సింక్ కింద దూరి పైపు విప్పాను. నల్లటి నీళ్లు తప్ప ఏమీ రాలేదు.

మా అత్తగారు చూశారని ప్రొఫెసర్‌కి చెప్పనా? మర్నాడు పళ్లు బిగబట్టి థీసిస్‌లో టైప్ చేశాను: 'ఈ పల్లెలో పత్తి పండించిన ఆధారాలేవీ దొరకలేదు.'