మల్లమ్మ ఓటు

మాదాపూర్‌లో అద్దాల మేడలు కొత్తగా లేస్తున్న రోజులవి. వాటి వెనక గుడిసెల్లో పాలమూరు నుంచి వచ్చిన కూలీలుండేవారు. వాళ్లకు పెద్దదిక్కు మల్లమ్మ. నాయకుడు మాత్రం చందానగర్ రంగనాథ్. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, తనంతట తానే అయ్యాడు.

ఊరికే అయ్యాడంటే పాపం, అన్యాయం. గుడిసెలకు నల్లా వేయించాడు. నొప్పులొచ్చిన ఆడవాళ్లను తన జీపులోనే దవాఖానకు తీసుకెళ్లాడు. మల్లమ్మ మొగుడు కొమురయ్య పోతే పాడె కూడా మోశాడు. "ఇదంతా ఓట్ల కోసమేగా!" అని భార్య పుణ్యవతి దెప్పితే నవ్వేవాడే గానీ కాదనేవాడు కాదు.

తీరా ఎన్నికలొచ్చాయి. "ఆ గుడిసెల ఓట్లన్నీ మనవే సార్" అని అభ్యర్థి ముందు గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. ఆ మాట నిలబడితే రేపు మున్సిపాలిటీలో టికెట్ అతనిదే.

పోలింగ్ ముందురోజు హుషారుగా గుడిసెల దగ్గరికి వెళ్లాడు. అక్కడొక లారీ ఆగి ఉంది. జనమంతా మూటలతో ఎక్కుతున్నారు.

"ఏందవ్వా, అందరు యాడికి పోతున్నరు?" అని మల్లమ్మనడిగాడు.

"ఊరికి బిడ్డా. రేపు ఓట్లు గద! మా సర్పంచి లారీ పంపిండు."

"మీ ఓట్లు ఈడ లేవా?"

"ఈడెందుకుంటయి? ఇల్లు, ఓటు అన్నీ ఊర్లనే."

ఇన్నేళ్లలో ఆ ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు మహానుభావుడు!

"మరి నాకు ముందుగాల చెప్పొద్దా? నేను ఇన్నేండ్లు ఓట్ల కోసమే గదా..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

మల్లమ్మ అతని మొహంలోకి చూసింది. "ఓట్లకొస్తున్నవని మాకేం ఎర్క బిడ్డా? మా మీద ప్రేమతోని వస్తున్నవనుకున్నం."

టికెట్ పోయిందన్న దిగులు కన్నా ఆ మాటే అతన్ని ఎక్కువ కోసింది. కొమురయ్య పాడె మోసిన రోజు తను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు ఏ ఓటు కోసమో ఎంత ఆలోచించినా తోచలేదు.

డ్రైవర్ హారన్ కొట్టాడు. మల్లమ్మ ఎక్కలేక అవస్థపడుతుంటే రంగనాథ్ రెండు చేతులా పట్టి ఎక్కించాడు, మూట అందించాడు.

"ఎల్లుండి మర్లొస్తం బిడ్డా. ఇగ మాతోని నీకు పనిలేదు. అయినా వస్తవా?" అని పైనుంచి అడిగింది.

"వస్తనవ్వా" అన్నాడు. మైకు దొరికితే వదలని మనిషి ఆ ఒక్క మాటే అని, లారీ వెనక తలుపు మూశాడు.