ఎర్రదుప్పటి ముడి

మా ఫైర్ స్టేషన్లో కొత్తవాళ్ళకు ముడులు నేర్పేది నేనే. కళ్ళకు గంతలు కట్టి తాడు చేతికిచ్చినా వేస్తాను. అందుకే టీవీలో ‘పిడుగు బాబాయ్’ సినిమా వచ్చినప్పుడల్లా దాన్ని తిట్టే హక్కు నాకే ఉందనుకునేవాణ్ణి. ఆకుపచ్చ బిగుతు లాగు వేసుకుని, మెడకు ఎర్రదుప్పటి ముడేసుకున్న ఆ హీరో రైలును రొమ్ముతో ఆపేసి, వెంటనే దువ్వెన తీసి తల దువ్వుకుంటాడు. విలన్ నవ్వడం మొదలుపెడితే మనం వెళ్ళి టీ తాగి రావచ్చు. “మెడ దగ్గర ఆ ముడి చూడండి, దానికి మేకపిల్ల కూడా ఆగదు,” అనేవాణ్ణి. ఆఫీసరుగారు “చెత్త” అని రిమోట్ నొక్కేసేవారు. బండి నడిపే మా బావ, అంటే మా అక్క మొగుడు, పేపరు వెనక తల దాచుకునేవాడు.

అసలు సంగతేమిటంటే ఆ సినిమాను నేను హాల్లో మూడుసార్లు చూశాను. టోపీ కళ్ళమీదికి లాక్కుని, మూల సీట్లో, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. శక్తి పోయిన బాబాయ్‌కి ముసలవ్వ దుప్పటి ముడి వేసే చోట మూడుసార్లూ ఏడ్చాను. సిగ్గు లేదా అంటే ఉంది, టోపీ అందుకే.

ఆ మధ్యాహ్నం పిలుపు వచ్చింది. నాలుగో అంతస్తులో ఒక చిన్నపాప మెడకు ఎర్రదుప్పటి కట్టుకుని, బాల్కనీ కమ్మీ దాటి పక్క కిటికీ సన్‌షేడ్ మీదికి పోయింది. సందు ఇరుకు, నిచ్చెన బండి లోపలికి రాదు. కింద ఆఫీసరుగారూ మావాళ్ళూ వల పట్టుకున్నారు గానీ, అడ్డంగా కరెంటు తీగలున్నాయి. దూకితే ఏమవుతుందో అందరికీ తెలుసు, పాపకు తప్ప.

నడుముకు తాడు కట్టుకుని కమ్మీ దాటాను. రెండో కొస బాల్కనీలో నిలబడ్డ బావ చేతిలో ఉంది.

“పాపా, కదలకు. నేను ఫైర్ స్టేషన్ నుంచి వచ్చాను,” అన్నాను, శిక్షణలో చెప్పినట్టే. పాప ఒక అడుగు వెనక్కి వేసింది. గదిలో ఏడుస్తున్న వాళ్ళ అమ్మమ్మ గొంతు టక్కున ఆగిపోయింది.

“దగ్గరికి రాకు. నేను ఎగురుతున్నా.”

రెండు చేతులూ చాచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అలవాటు కొద్దీ నా కళ్ళు దుప్పటి ముడి మీద పడ్డాయి.

“ఆ ముడి ఎవరు వేశారు తల్లీ?”

“నేనే.”

“నువ్వే వేసుకుంటే ఎలా? బాబాయ్ తన ముడి తనే వేసుకున్న రోజు ఏమైంది?”

పాప చేతులు దించింది. “శక్తి రాలేదు. బురదలో పడ్డాడు.”

“మరి?”

మెడ దగ్గర ముడి తడిమి చూసుకుంది. “అయితే నువ్వు వేస్తావా?”

“వేస్తాను. ముడి వేసేటప్పుడు బాబాయ్ ఎలా నిలబడతాడు?”

గోడకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుంది. నేను పాదాలు ఈడ్చుకుంటూ జరిగాను. ఇంకొక్క అడుగు ఉందనగా ఒక కన్ను తెరిచింది.

“అవ్వ మాట చెప్పలేదు నువ్వు.”

ఏ మాటో నాకు బాగా తెలుసు. గొణిగాను.

“వినపడలేదు. అవ్వ గట్టిగా అరుస్తుంది.” పాప పాదం అంచువైపు జరిగింది.

వెనక బావ, కింద ఆఫీసరుగారు, సందు నిండా జనం. ఇన్నేళ్ళ పరువు పోతే పోనీ అనుకున్నాను. గుండెల నిండా ఊపిరి పీల్చి అరిచాను.

“ముడి వేస్తున్నానురా బాబాయ్, కన్ను తెరవకు!”

సినిమాలో ఆ మాటకు ఊరంతా ఒక్క గొంతుతో బదులిస్తుంది. ఇక్కడ బదులిచ్చేదెవరు అనుకుంటుండగానే కిందనుంచి ఆఫీసరుగారి గొంతు లేచింది.

“నిలబడు బాబాయ్, పిడుగు దిగుతోంది!”

వెనకనుంచి బావ అందుకున్నాడు. వల పట్టుకున్న మావాళ్ళందరూ అందుకున్నారు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. పాప కళ్ళు గట్టిగా మూసుకుంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. నేను భుజానున్న ఇంకో తాడు ఆమె చంకల కిందుగా తిప్పి ముడి బిగించాను. ఆ ముడికి ఏనుగైనా ఆగుతుంది. పాపను పట్టుకుని మెల్లగా కమ్మీ దాకా వెనక్కి జరిగాను.

“ఇప్పుడు ఎగరనా?”

“ఎగురు తల్లీ.”

రెండు చేతులతో ఎత్తి కమ్మీ మీదుగా బావకు అందించాను. ఒక్క క్షణం ఎర్రదుప్పటి రెపరెపలాడుతూ పాప నిజంగానే గాలిలో ఉంది. అమ్మమ్మ ముందు ముద్దులు పెట్టుకుంది, తర్వాత వీపు మీద ఒక్కటిచ్చింది. సందంతా చప్పట్లు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

కిందికి దిగాక ఆఫీసరుగారు వల మడతపెడుతూ, నా ముఖం చూడకుండా అడిగారు. “హాల్లో మూల సీట్లో టోపీ పెట్టుకుని ఏడ్చింది నువ్వేనా?”

“నేనే సార్. మీకెలా తెలుసు?”

“నీ ముందు వరసలో మఫ్లరు చుట్టుకుని కూర్చున్నది నేనేనయ్యా.”

బావ అటు తిరిగి నవ్వుకున్నాడు. తన సీటెక్కడో ఇంకా చెప్పలేదు.

ఆ ఆదివారం టీవీలో ఆ సినిమా మళ్ళీ వేశారు. అందరం అలవాటుగా ఆఫీసరుగారి వైపు చూశాం. ఆయన రిమోట్ తీసుకుని సౌండు పెంచారు. ఆ ముడి గురించి నేను నోరెత్తలేదు.